నిండుకుంది

మా వంటింట్లో "అయిపోయింది" అనే మాట వినపడకూడదు. చక్కెర డబ్బాలో చెంచా అడుగుకి తగిలి టంగుమంటున్నా సరే, అమ్మ "చక్కెర నిండుకుంది" అనే అనేది. ఖాళీ అయినదాన్ని పట్టుకుని నిండుకుందనడం ఏమిటని ఏడెనిమిదేళ్ళ వయసులో నాకు పెద్ద అనుమానం. అడిగితే "అలాగే అనాలిరా" అని తన పనిలో పడిపోయింది. ఇప్పుడు ఆలోచిస్తే, అమ్మ విషయంలో ఆ మాట సరిగ్గానే అతికిందనిపిస్తుంది. అన్నీ అమిరి ఉన్న రోజున ఆవిడ వంట మామూలుగా, ఇంకా చెప్పాలంటే కాస్త పరధ్యానంగా ఉండేది. ఏదో ఒక డబ్బా నిండుకున్న రోజున మాత్రం ఎక్కడలేని హుషారు వచ్చేది.

ఈ సంగతి నాన్నకి బాగా తెలుసు. కంచం ముందు కూర్చుంటూనే "ఇవాళ దేని బదులు ఏం పడింది?" అని అడిగేవారు. అమ్మ చెప్పేది కాదు. నాన్న, అక్క, నేను తలా కాస్త రుచి చూసి కనిపెట్టాలి. సరిగ్గా చెప్పినవాళ్ళకి గిన్నె అడుగున మిగిలింది గీరుకు తినే హక్కు. నాన్న ఎప్పుడూ ఓడిపోయేవారు. మా కోసం కావాలనే ఓడిపోయేవారని అక్క అంటుంది గానీ నేను నమ్మను. ఆయనకి నిమ్మరసానికీ వెనిగర్‌కీ తేడా నిజంగానే తెలిసేది కాదు.

అక్క పుట్టినరోజు కేకుతో మొదలుపెట్టాలి ఈ కథ. పిండి జల్లించడం అయింది, వెన్న, చక్కెర గిలక్కొట్టడం అయింది. గుడ్లు రెండే ఉన్నాయి. అమ్మ వాటిని ముందు నీళ్ళ గిన్నెలో వేసింది. ఒకటి అడుగున బుద్ధిగా పడుకుంది. రెండోది బంతిలా పైకి తేలింది. తేలిన గుడ్డు పాతబడిందని లెక్క. లోపలి తడి కొంచెం కొంచెంగా పెంకులోంచి ఆరిపోయి, ఆ మేరకు గాలి చేరుతుంది కాబట్టి తేలుతుంది. సరే, ఒక్కదానితో కానిద్దామనుకుంటూ ఉండగా ఆ మంచి గుడ్డుని నేను తీసుకొస్తానని తీసుకొచ్చి, నేల మీద వదిలేశాను.

అమ్మ తిట్టలేదు. నేలకేసి ఒకసారి చూసి, గిన్నెకేసి ఒకసారి చూసి, పైకే అంది. "గుడ్డు ఇందులో ఏం పని చేస్తుంది?"

నన్ను అడిగిందనుకుని "నాకు తెలీదు" అన్నాను. నన్ను కాదు. తనలో తను అనుకోవడం. ఆ ప్రశ్న నేను ఆ తరవాత కొన్ని వందలసార్లు విని ఉంటాను. చాలామంది ఏదైనా లేకపోతే దానిలాంటిది ఇంకేముందా అని వెతుకుతారు. అమ్మ పోలిక వెతికేది కాదు, పని వెతికేది. గుడ్డు పిండిని పట్టి ఉంచుతుంది, తడి ఇస్తుంది, పొంగడానికి సాయం చేస్తుంది. తడికి పెరుగు ఉంది. పొంగడానికి ఆ పెరుగులోని పులుపూ వంటసోడా కలిస్తే చాలు. పట్టి ఉంచే పని కొంత పిండే చూసుకుంటుంది, కాకపోతే ముక్క కోసేటప్పుడు కాస్త పొడిపొడిగా రాలుతుంది, రాలనీ.

మాకు అవెన్ లేదు. దానికీ ఒక బదులు ఉండేది. మందపాటి గిన్నెలో అడుగున రెండు వేళ్ళ మందాన ఉప్పు పోసి, మధ్యలో చిన్న స్టాండు పెట్టి, మూత పెట్టి పది నిమిషాలు వేడెక్కించాలి. ఆ ఉప్పు మళ్ళీ కూరల్లోకి పనికిరాదు. కాలి కాలి గోధుమరంగుకి తిరిగిన ఆ ఉప్పుని ఒక రేకు డబ్బాలో దాచేది అమ్మ. మూత మీద "కేకు ఉప్పు" అని రాసి ఉండేది. అసలు కేకు తినని చుట్టాలకి ఆ పేరు ఒక వింత.

ఒక కప్పు పెరుగుకి అర టీచెంచా సోడా. కలపగానే గిన్నెలో బుస్సుమని నురగ లేచింది. "ఇప్పుడింక కబుర్లు కాదు, ఇటివ్వు" అని అమ్మ పరుగు. సోడాకి పులుపు తగిలిన మరుక్షణం నుంచే గాలి బుడగలు పుడతాయి, పుట్టినవి పుట్టినట్టు పోతూనే ఉంటాయి. గిన్నె ముందే వేడెక్కి ఉంటేనే అవి లోపల చిక్కుకుంటాయి. అందుకే సోడా ఎప్పుడూ ఆఖరున. కేకు మరీ గొప్పగా పొంగలేదు గానీ మెత్తగా వచ్చింది. చివర్న నాలిక మీద కాస్త పుల్లగా తగిలింది. నాన్న "గుడ్డు బాగా పడిందే" అన్నారు.

అమ్మకి ఒక గీతల నోటుపుస్తకం ఉండేది. ఇప్పుడు నా దగ్గరే ఉంది. వెన్న మరకలు పడ్డచోట కాగితం అద్దంలా అయిపోయి వెనక పేజీ అక్షరాలు కూడా కనపడుతుంటాయి, రెండు వంటలు కలిపి చదువుకోవాల్సిందే. ఆ పుస్తకంలో ఒక్క పేజీ కూడా శుభ్రంగా లేదు. "గుడ్లు 2" మీద గీత, పైన "పెరుగు 1 కప్పు, సోడా అర". దాని పక్కన వేరే రంగు ఇంకుతో "అరటిపండు కూడా బాగుంది, చక్కెర తగ్గించు". దాని కింద పెన్సిల్‌తో "అరటిపండు వాసన ఎక్కువ. పెద్దదానికి నచ్చలేదు". మజ్జిగ దగ్గర "పాలు 1 కప్పు + నిమ్మరసం 1 పెద్ద చెంచా, పది నిమిషాలు ఆగు". ఈ రాతల్లో ఎక్కడా తేదీలు లేవు. కానీ ఇంకు రంగుల్ని బట్టి, అక్క ఇష్టాయిష్టాల్ని బట్టి ఏది ఏ కాలంలోదో నేను దాదాపుగా చెప్పగలను.

నేను చేసిన ఘనకార్యం కూడా అందులో ఉంది. పన్నెండేళ్ళప్పుడు ఇంట్లో ఎవరూ లేనిది చూసి కేకు మొదలుపెట్టాను. పుస్తకంలో బేకింగ్ పౌడర్ రెండు చెంచాలని ఉంది. బేకింగ్ పౌడర్ నిండుకుంది. సోడా ఉంది. రెండూ తెల్లగానే ఉంటాయి, రెండూ పొంగిస్తాయి, ఇంకేం కావాలి? రెండు చెంచాల సోడా గుమ్మరించాను. బేకింగ్ పౌడర్ అంటే సోడాలోనే పొడిగా ఉండే ఒక పులుపూ, కాస్త పిండీ కలిపిన మిశ్రమమనీ, ఒట్టి సోడాకి దానికంటే మూడు నాలుగు రెట్లు బలం ఎక్కువనీ, దానికి తోడు పులుపు విడిగా ఇవ్వాలనీ అప్పటికి నాకు తెలీదు. కేకు మూతని ఎత్తేంతగా పొంగి, దించేలోగా మధ్యలో గొయ్యిలా కూలిపోయింది. పైన ఎర్రమట్టి రంగు. ముక్క నోట్లో పెట్టుకుంటే అచ్చంగా సబ్బు. అమ్మ వచ్చి వాసన చూసి "బట్టలుతుక్కోవచ్చు" అంది. ఆ పేజీలో ఆ కొలత పక్కన ఇప్పటికీ "వీడి సబ్బు కేకు" అని ఉంది. నా కూతురు ఆ పేజీని ఫోన్‌లో ఫొటో తీసి దాచుకుంది, అవసరమైనప్పుడు నాకు చూపించడానికి.

అమ్మ మాత్రం తప్పులు చేయలేదా అంటే, చేసింది. ఓసారి చక్కెర నిండుకుంటే, అన్నాన్ని పాలలో ఉడికించి చేసే తీపిలో బెల్లం వేసింది. కుతకుతమని ఉడుకుతున్న పాలల్లో బెల్లం పడిన రెండు నిమిషాలకి పాలు పాలలా లేవు. నీళ్ళు వేరు, ముక్కలు వేరు. బెల్లంలో కొద్దిపాటి పులుపు ఉంటుంది, మరిగే పాలని విరగ్గొట్టడానికి అది చాలు. దించి, కాస్త చల్లారాక కరిగించి వడకట్టిన బెల్లం కలిపితే ఆ గొడవ ఉండదని ఆ రోజుతో తేలింది. విరిగినదాన్ని అమ్మ బట్టలో వడకట్టి, బాణలిలో ఇంకా కాస్త బెల్లంతో దగ్గరకయ్యేదాకా వేయించి, ఇదే చేద్దామనుకున్నానన్నట్టు పెట్టింది. నాన్న పోటీకి సిద్ధమై "పాల బదులు..." అని మొదలుపెట్టి ఆగిపోయారు. ఆ రోజు గిన్నె ఎవరికీ దక్కలేదు.

జామ్ విషయంలో తప్పు నాది కాదు, నా తెలివితేటలది. అత్తయ్య ఒకసారి బుట్టెడు పళ్ళు తెచ్చింది. అప్పుడు నేను కాలేజీలో ఉన్నాను, ఆరోగ్యం మీద కొత్తగా శ్రద్ధ పుట్టిన రోజులు. "ఇంత చక్కెరా!" అని పుస్తకంలో ఉన్నదాంట్లో సగమే వేయించాను. జామ్ గట్టిపడే పొడి ఇంట్లో లేదు. దానికి అమ్మ దగ్గర విరుగుడు ఉంది. ఆపిల్ తొక్కలు, మధ్య గట్టి భాగం, నిమ్మగింజలు ఒక పల్చటి బట్టలో మూటకట్టి ఉడుకుతున్న పళ్ళలో వేలాడదీసింది. జామ్‌ని గడ్డకట్టించే పెక్టిన్ అందులోనే ఉంటుంది. ఉడికాక ఆ మూటని గరిటతో గిన్నె అంచుకి అదిమి పిండితే జిగురు జిగురుగా కారింది. నాకిప్పటికీ ఆ మూట నుంచి జారే ఆ మెరుపు కళ్ళకి కడుతుంది. పళ్ళెంలో ఒక చుక్క వేసి వంచితే జారలేదు. జామ్ అద్భుతంగా వచ్చింది. పదిహేను రోజులకి సీసాలో పైన బూడిదరంగు నూగు తేలింది. చక్కెర ఉన్నది తీపికి మాత్రమే అనుకున్నాను నేను. అది అక్కడున్న నీళ్ళని తన గుప్పిట్లో పెట్టుకుని బూజుకి అందనివ్వదు. "ఒక మనిషి రెండు ఉద్యోగాలు చేస్తుంటే, ఒకటే చూసి తీసేశావు" అంది అమ్మ. తరవాతిసారి తక్కువ చక్కెరతో చేసినప్పుడు కొద్దికొద్దిగా చేసి ఫ్రిజ్‌లో పెట్టుకుని వారంలో తినేశాం.

ఉద్యోగం వచ్చి ఒంటరిగా గదిలో ఉన్న రోజుల్లో నా వంటంతా బదులే. అసలు సరుకంటూ ఏదీ ఉండేది కాదు. ఎండు చిక్కుడు గింజలు రాత్రంతా నానబెట్టి, పొద్దున్నే టమాటాలతో కలిపి పొయ్యి మీద పెట్టాను. గంట, గంటన్నర. గింజలు గులకరాళ్ళలాగే ఉన్నాయి. అమ్మకి ఫోన్ చేశాను.

"టమాటా ఎప్పుడు వేశావు?"

"మొదట్లోనే."

"అదీ సంగతి. పులుపు తగిల్తే గింజ బిగుసుకుంటుంది. మెత్తబడ్డాక వెయ్యాలి."

"ఇప్పుడేం చెయ్యను?"

"ఇప్పుడా? బ్రెడ్డు తిని ఆఫీసుకెళ్ళు."

వారం తిరక్కుండా ఆవిడే ఇంకో ఫోన్ చేసింది. బంగాళాదుంప ముక్కలు ఉడికించేటప్పుడు చిదిరిపోతున్నాయంటే, నీళ్ళలో చెంచాడు వెనిగర్ వేసి చూశానని, ముక్క ముక్కలా నిలిచిందని, నా గింజల కథ వినే ఈ ఆలోచన వచ్చిందని. నా తప్పు ఆవిడ పుస్తకంలో ఒక చిట్కాగా చేరింది. అందులో నా పేరేం లేదు, చూశాను.

చారుల్లాంటివి, సూపుల్లాంటివి చిక్కబరచడం మీద మా ఇద్దరికీ వాదనలు కూడా అయ్యాయి. కార్న్‌ఫ్లోర్ లేకపోతే గోధుమపిండో మైదావో రెట్టింపు వెయ్యాలనీ, పచ్చివాసన పోయేదాకా ఉడకాలనీ, ఏదైనా ముందు చన్నీళ్ళలో కలిపాకే పొయ్యాలనీ అమ్మ పాఠం. నాకు ఆ ఓపిక లేదు. సూపులో గుప్పెడు ఓట్స్ వేశాను. వేసిన వెంటనే ఏం కాలేదని ఇంకో గుప్పెడు వేశాను. పావుగంటకి గరిట నిలబడింది. గోడకి పోస్టర్లు అంటించుకోవచ్చు. అమ్మ మాట వినకుండా నేను కనిపెట్టుకున్న మంచి పద్ధతి ఒకటే: ఎండిపోయిన బ్రెడ్డు ముక్కలు చిదిపి వెయ్యడం. అదీ ఎన్నో వంటింళ్ళలో ఎప్పట్నుంచో ఉన్నదేనని తరవాత తెలిసి కొంచెం నిరుత్సాహపడ్డాను.

ఆ రోజుల్లోనే ఒక పాత పత్రికలో ఆల్‌ఫ్రెడ్ బర్డ్ గురించి చదివాను. ఇంగ్లండులో బర్మింగ్‌హామ్‌లో మందులు తయారుచేసే ఆయన. భార్యకి గుడ్డు పడదు. కస్టర్డ్ అంటే ఆవిడకి ఇష్టం, కస్టర్డ్ అంటేనే గుడ్లు. 1837లో ఆయన గుడ్డు లేకుండా కార్న్‌ఫ్లోర్‌తో చిక్కబడే కస్టర్డ్ పొడి తయారుచేశాడు. ఆవిడకి ఈస్ట్ కూడా పడదు. అందుకని 1843లో ఈస్ట్ లేకుండా రొట్టె పొంగించే బేకింగ్ పౌడర్ చేశాడు. ఇప్పుడు చాలామంది కస్టర్డ్ పొడి డబ్బా తెరిచి చేసుకునేది ఆ గుడ్డులేని రకమే. బదులు వచ్చి అసలుదాని కుర్చీలో కూర్చుంది. ఇదంతా ఫోన్‌లో అమ్మకి ఉత్సాహంగా చెప్పాను.

"ఆవిడ పేరేమిటి?" అంది.

"ఎవరి పేరు?"

"గుడ్డు పడనావిడ."

నేను మళ్ళీ వెతుక్కోవాల్సి వచ్చింది. ఎలిజబెత్. అమ్మ పుస్తకంలో కస్టర్డ్ పేజీ మీద మూలగా "ఎలిజబెత్" అని ఉంటుంది. ఎవరైనా చూస్తే ఇదేదో రహస్యం అనుకుంటారు.

నాన్న పోయాక చాలాకాలం ఆ ఆట ఆగిపోయింది. అమ్మ వంట చేసేది, బదుళ్ళూ వేసేది, కానీ అడిగేవాళ్ళు లేరు. అక్క వచ్చినప్పుడు ఒకటి రెండుసార్లు ప్రయత్నించాం. ఓడిపోయే మనిషి లేకుండా అది సాగలేదు.

మళ్ళీ మొదలుపెట్టింది నా కూతురు, తనకి తెలియకుండానే. ఒకరోజు తెల్ల శనగలు ఉడికించిన నీళ్ళని నేను సింకులో వంపబోతుంటే "నాన్నా, ఆగు ఆగు" అని గిన్నె లాక్కుంది. చిక్కటి, లేత పసుపు నీళ్ళు. అందులో చక్కెర వేసుకుంటూ బీటర్‌తో తిప్పడం మొదలుపెట్టింది. అమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది. మొదట సబ్బు నురగలా ఉంది. ఐదు నిమిషాలకి తెల్లబడింది. పది నిమిషాలు దాటాక బీటర్ ఎత్తితే నురగ కొనలు కట్టి, వంగకుండా నిలబడింది. గిన్నె తిరగేసి నాయనమ్మ తల మీద పట్టుకుంది. పడలేదు. గుడ్డు తెల్లసొన చేసే పని శనగల నీళ్ళు చేస్తాయని 2014లో జోయెల్ రోసెల్ అనే ఫ్రెంచాయన కనిపెట్టాడట. మరుసటి ఏడాది గూస్ వోల్ట్ అనే అమెరికన్ దానికి అక్వాఫాబా అని పేరు పెట్టాడట. ఒక గుడ్డుకి బదులు మూడు పెద్ద చెంచాలు లెక్క అని మా అమ్మాయి పాఠం చెప్పింది.

అమ్మ వేలితో కాస్త తీసి నాలిక మీద వేసుకుంది. చాలాసేపు ఏం మాట్లాడలేదు. "ఇన్నేళ్ళూ పారబోశాను" అంది చివరికి. ఆ గొంతులో నిజంగా దిగులుంది. పుట్టినరోజు నాటి గుడ్డు గుర్తొచ్చిందేమో నాకు తెలీదు. నాకైతే గుర్తొచ్చింది.

ఇప్పుడు అమ్మకి ఉప్పు బాగా తగ్గించమన్నారు. రక్తపోటు, దానితోపాటు కిడ్నీలు కూడా కొంచెం. పెద్దవాళ్ళెవరికైనా రోజుకి 5 గ్రాములు, అంటే ఒక టీచెంచా లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అమ్మకి అంతకంటే తక్కువ. సోడియం తక్కువుండే ఉప్పు వాడొచ్చా అని డాక్టరుని అడిగాను. అందులో బదులుగా ఉండేది పొటాషియం క్లోరైడ్. కిడ్నీలు సరిగా లేనివాళ్ళకి పొటాషియం ఒంట్లో నిలిచిపోయి గుండెకే ప్రమాదమట, ఆ డబ్బా ముట్టుకోవద్దన్నారు. అలా ఉప్పుకి ఉన్న ఒకే ఒక్క తిన్నని బదులు మూసుకుపోయింది.

వంట ఇప్పుడు నాది. మొదటిరోజు నేను చేసిన సూపు చప్పిడి సూపు. అమ్మ రెండు చెంచాలు తిని "ఎవరికి ఒంట్లో బాగోలేదు?" అంది.

నేను ఆవిడ ప్రశ్నే ఆవిడకి వేశాను. ఉప్పు ఏం పని చేస్తుందమ్మా?

కాసేపు ఆలోచించింది. "చేదు అణుస్తుంది. మిగతావాటిని మాట్లాడిస్తుంది. అదొక్కటీ నాకు దొరకలేదురా. ఉప్పుకి బదులు నేనెప్పుడూ వెతకలేదు, అదెప్పుడూ నిండుకోలేదు."

పుస్తకం మొత్తం తిరగేశాను, నిజమే. ఉప్పు మీద ఎక్కడా గీత లేదు. కాబట్టి ఆ పేజీ నేనే మొదలుపెట్టాల్సి వచ్చింది. ఉల్లిపాయలు తొందరపడకుండా ఎర్రగా వేగనిచ్చాను. టమాటాల్ని పొయ్యి మీద కాల్చి తొక్క తీసి వేశాను. వెల్లుల్లి రెండు రకాలుగా, సగం ముందు, సగం పచ్చిగా ఆఖర్న. అనుమతి ఉన్న ఆ చిటికెడు ఉప్పుని ఉడికేటప్పుడు వెయ్యకుండా వడ్డించాక పైన చల్లాను, నాలికకి మొదట తగిలేది అదే కాబట్టి. ఆ పైన నిమ్మరసం. ఐదారు రోజులు కొలతలు మార్చి మార్చి చేశాను. ప్రతిరోజూ రాసుకున్నాను కూడా, ఆవిడ గీతల కిందే.

నిన్న రాత్రి గిన్నె ముందు పెట్టాను. అమ్మ ఒక చెంచా తాగింది. ఇంకోటి తాగింది. మా అమ్మాయి పక్కనే నిలబడి "నాయనమ్మా, దేని బదులు ఏం పడింది?" అని అడిగింది. ఆ మాట దానికి ఎవరు చెప్పారో, బహుశా అక్క చెప్పి ఉంటుంది.

"నిమ్మకాయ" అంది అమ్మ. నా వైపు తిరిగి, "ఉడుకుతుండగా పిండావా, దించాకా?" అని అడిగింది.

"దించాకే. చల్లారనిచ్చి, వడకట్టి మరీ పోశాను."

అమ్మ ఏం అనలేదు. నోట్లోంచి రెండు వేళ్ళతో ఒక నిమ్మగింజ తీసి, గిన్నె అంచు మీద నాకు కనపడేలా పెట్టి, మళ్ళీ చెంచా ముంచింది.